వారానికి ఏడు బుధవారాలు

ఆ ఆసుపత్రి రికార్డు గదిలో నల్లగా నిగనిగలాడేవి రెండే: రబ్బరు స్టాంపుల సిరా, బాబాయి జుట్టు. సిరాది పుట్టుకతో వచ్చిన నలుపు. బాబాయిది పట్టుదలతో తెచ్చుకున్న నలుపు. యాభై ఆరు నిండాయి కాబట్టి తల తన పని తాను చేసుకుపోతోంది. రెండు వారాలకోసారి, ఆదివారం పొద్దున, భార్య చిన్న గిన్నెలో రంగు కలిపి, అరిగిపోయిన టూత్ బ్రష్షుతో ఆ తల చేసిన పనిని చెరిపేస్తోంది. "తల పండినవాడు అనిపించుకోవడం నాకిష్టం లేదోయ్. పండితే రాలిపోతారు" అని ఆయన మీసం మెలేసేవాడు.

ఆయనకు అన్నదమ్ములే లేరు, కాబట్టి ఎవరికీ సొంత బాబాయి అయ్యే అవకాశం లేదు. అందుకనే కాబోలు పెద్ద డాక్టర్ల నుంచి గేటు కాపలా మనిషి దాకా అందరికీ బాబాయి అయిపోయాడు.

ఆయన కుర్చీ వెనక గోడకి అద్దం బిగించిన ప్రశంసాపత్రం ఒకటి ఉండేది. దాని కథ పదకొండేళ్ల నాటిది. అప్పట్లో ఆసుపత్రి రిజిస్టర్లలో "రోగ కారణం" అన్న గడిలో ఎవరి నోటికొచ్చింది వాళ్లు రాసేవాళ్లు. కడుపునొప్పి, పొట్టనొప్పి, పొట్టలో ఏదో, పొట్టలో ఏమీ లేదట అయినా నొప్పట: ఇలా మూడు వందల నలభై రకాలు. తనిఖీకి వచ్చినవాళ్లు తల పట్టుకున్నారు. బాబాయి మూడు నెలలు కూర్చుని ఆ మూడు వందల నలభైనీ ఇరవై శీర్షికల కిందికి కుదించాడు. దాంతోపాటు పన్నెండు నియమాలు కూడా రాశాడు. అందులో ఏడోది ఆయనకి మహా ఇష్టం: రోగి ఆఖరున ఏ విభాగం నుంచి వెళ్తే, నడిచి వెళ్లినా మోసుకెళ్లినా, కేసు ఆ విభాగం పద్దులోనే రాయాలి. గందరగోళం ఉండదు. ఇక ఇరవయ్యో శీర్షిక పేరు "ఇతరములు". ఎందులోనూ ఇమడనివన్నీ అందులోకి. ముక్కులో బఠాణీ ఇరుక్కున్న పిల్లాడు, ఉంగరం వేలికి బిగుసుకుపోయిన పెళ్లికొడుకు, ఎందుకొచ్చాడో తనకే తెలియని పెద్దమనిషి.

"తరాలు మారినా నా ఇతరాలు మారవు" అని బాబాయి చెప్పుకునేవాడు. నవ్వేవాళ్లు నవ్వేవాళ్లు.

ఆ మంగళవారం పొద్దున ఆయన కిటికీ ముందు ఓ దర్జీ నిలబడి ఉంది. ముప్పై ఏళ్లుంటాయి. మెడచుట్టూ తనే కుట్టుకున్న ఆకుపచ్చ గుడ్డపట్టీ, దానికి పక్కన చిన్న బొత్తాం. గొంతు మాత్రం ఇసుక మీద చెప్పులు ఈడ్చినట్టు గరగరలాడుతోంది.

"మళ్లీ వచ్చావామ్మా?" అన్నాడు బాబాయి.

"మళ్లీ లేదంటారా సార్?"

ఆమె రావడం అది మూడోసారి. నాలుగేళ్ల కిందట ఇక్కడే మెడ కోసి గొట్టం వేశారట. ఇప్పుడు ఆ చోట గొంతు సన్నబడుతోందట. ఇంకో ఆసుపత్రి డాక్టరు, ముందు ఇక్కడ ఏం చేశారో ఆ కేసు షీటు చూస్తే గాని కత్తి పట్టనంటున్నాడు. ఆమె దగ్గర చీటీ నంబరు లేదు. బాబాయి కంప్యూటర్‌కి నంబరు చెప్పాలి, లేదా శీర్షిక చెప్పాలి. మనిషి పేరు చెబితే దానికి తెలియదు. "గొంతు జబ్బులు" కింద రెండుసార్లు వెతికి, లేదని రెండుసార్లు పంపేశాడు.

"లేనిదాన్ని నేను పుట్టించలేను కదమ్మా."

"ఉన్నదాన్ని పోగొట్టారుగా సార్" అంది దర్జీ. గొంతు చిన్నదే గాని సూది పదునుగా ఉంది.

అంతలో తలుపు ధడాలున తెరుచుకుంది. క్యాజువాల్టీ పెద్ద నర్సు. ఆవిడ వస్తే తలుపులకి ముందే తెలుస్తుంది.

"బాబాయ్, జుట్టు రంగు కేసులు కావాలి. ఐదేళ్లవి. ఎంతమంది వచ్చారు, ఎంతమంది బతికారు. శనివారం మీటింగు."

"జుట్టు రంగా? కేశాల కేసులా?" బాబాయి ముఖం వెలిగింది.

"జోకులొద్దు బాబాయ్. మింగేసిన వాళ్లు."

పెద్ద నర్సు కుర్చీ లాక్కుని కూర్చుంది. పోయిన గురువారం ఓ అమ్మాయి వచ్చిందట. ఇరవై రెండేళ్లు. ఇంట్లో గొడవ పడి, ఆ క్షణాన చేతికందింది తాగేసింది. "నడుచుకుంటూ వచ్చింది బాబాయ్. నాతో మాట్లాడింది. సారీ సిస్టర్ అంది. గంటలో మెడ ఇంత అయింది, నాలుక నోట్లో పట్టలేదు. నోట్లోంచి గొట్టం దిగే దారి లేదు. మెడ దగ్గర కోసి వేయాలి. ఆ సామాను, ఆ డాక్టర్లు మూడో అంతస్తులో. ఎక్కించాం. లిఫ్టు రెండో అంతస్తు దాటింది. అమ్మాయి దాటలేదు."

దర్జీ చెయ్యి తన మెడపట్టీ మీదికి పోయింది.

"గేటు పక్కన గది ఉంది కదా, విరిగిన స్ట్రెచర్లు పడేసింది. అది నాకివ్వండి, ఒక మంచం, మెడ కోసే సామాను, ఓ డాక్టరు, అంతే, అన్నాను. సూపరింటెండెంటు గారు అందులో విచారణ కౌంటరు పెడతారట. ఇలాంటి కేసులు ఎన్నొస్తాయమ్మా, ఏడాదికి ఒకటో రెండో, అంకె చూపించు అన్నారు. శనివారం తేల్చేస్తారు. అంకె మీ దగ్గరేగా ఉండేది."

బాబాయి కీబోర్డు మీద వేళ్లు ఆడించాడు. ఇరవై శీర్షికలూ చూశాడు. ఆయనకి అలవాటైన ఠీవితో వెనక్కి వాలాడు. "ఒక్కటీ లేదమ్మాయ్."

పెద్ద నర్సు ఆయన ముఖం చూడలేదు. నెత్తి మీద నిగనిగలాడుతున్న నలుపు చూసింది. "ఒక్కటీ లేకపోవడమేంటి? నా చేతుల మీదే పోయినేడాది ఇరవై మందికి తక్కువ లేరు. ఇదిగో, ఈవిడ లేదూ?" అని దర్జీ వైపు తిరిగింది. "నువ్వు ఆ బుధవారం అమ్మాయివి కదూ? మర్చిపోతానా! ఆ పూట గొంతు డాక్టరు గారు కిందే ఉన్నారు కాబట్టి సరిపోయింది."

దర్జీ తలూపింది. "నేనూ అదే సిస్టర్. నా కాగితమూ లేదంటున్నారు."

బాబాయి గోడ మీది ప్రశంసాపత్రం వైపు చూశాడు. తర్వాత కంప్యూటర్ వైపు. తర్వాత దర్జీ మెడ వైపు. గొంతు వాచి పోయినవాళ్లు ఏడో నియమం ప్రకారం "గొంతు జబ్బులు" లోకి వెళ్లి ఉంటారు. కిడ్నీలు చెడి పోయినవాళ్లు "కిడ్నీ జబ్బులు" లోకి. బతికినవాళ్లు ఆఖరున ఇంటికెళ్లింది జనరల్ వార్డు నుంచి, దానికి ఏ శీర్షికా లేదు కాబట్టి... ఆయన వేలు తెర మీద ఇరవయ్యో శీర్షిక దగ్గర ఆగింది.

"ఇతరములు" అన్నాడు మెల్లగా. "ముక్కులో బఠాణీల మధ్య."

"ఏంటి?"

"శనివారానికి ఇస్తానమ్మాయ్. అంకె ఇస్తాను." తర్వాత దర్జీ వైపు తిరిగి, "ఫోను నంబరు రాసిచ్చి వెళ్లమ్మా. ఈసారి నువ్వు రానక్కర్లేదు. నేనే పిలుస్తాను" అన్నాడు.

ఐదేళ్ల "ఇతరములు", గొంతు, కిడ్నీ మూడూ కలిపితే ఐదు వేల పైచిలుకు షీట్లు. గుడ్డ మూటల్లో, అటకల మీద. మధ్యాహ్నం దాకా బాబాయి మొదటి మూట విప్పి డాక్టర్ల రాత చదవడానికి కుస్తీ పట్టాడు. అది రాత కాదు, తలరాత. మూడు గంటల్లో పంతొమ్మిది షీట్లు చూశాడు. ఈ వేగాన పోతే ఆయన ఉద్యోగ విరమణ అయినా మూటలు విరమించవు.

క్యారేజీ పట్టుకుని భార్య వచ్చేసరికి ఆయన నేల మీద కాగితాల మధ్య కూర్చుని ఉన్నాడు. ఆవిడ ముప్పై ఏళ్లు బడిలో లెక్కలు చెప్పింది. ఇప్పుడు ఇంట్లో ఆయనకి చెబుతోంది.

"ఏవండీ, తిండి తినే వయసులో ఈ కాగితాలు తింటున్నారేంటి?"

సంగతి విని ఆవిడ చీర కుచ్చిళ్లు దోపుకుని పక్కన కూలబడింది. "డాక్టర్లు రోగం రాస్తారు. దానికి పది పేర్లు పెడతారు. పేర్లు వదిలేయండి. రంగు మింగిన వాళ్లందరికీ కామన్‌గా ఉండేదేంటో అది పట్టుకోండి."

అది చెప్పగలిగింది పెద్ద నర్సే. భోజనాల వేళ పిలిస్తే, అన్నం కలిపిన చేత్తోనే వచ్చింది. "గొంతు వాపు ఒకటి. కానీ అది అన్నిట్లోనూ రాయరు. రెండో రోజు కండరాలు కరిగిపోవడం మొదలైతే, మూత్రం నల్లబడుతుంది పిన్నీ. ప్రతి షీటు ఆఖర్న గులాబీ రంగు కాగితం ఉంటుంది చూడండి, అది మా నర్సులది. సెలైను ఎంత పోశాం, మూత్రం ఎంత పోశారు, ఏ రంగులో. డాక్టరుకి అనుమానం ఉన్నా లేకపోయినా కనపడింది రాయమని మాకు నేర్పారు."

బాబాయి ఓ షీటు తిరగేసి ఆఖరి పేజీ చూశాడు. "లేత పసుపు". ఇంకొకటి. "పసుపు". ఇంకొకటి. "కాఫీ డికాక్షన్".

"మూత్రం మాత్రం అబద్ధమాడదు" అన్నాడు. పెద్ద నర్సు ఈసారి నవ్వింది.

ఆ క్షణం నుంచి పని పరుగందుకుంది. ముందు పేజీల జోలికే పోలేదు. బొటనవేలితో ఆఖరి గులాబీ కాగితం తెరవడం, రంగు చూడడం, పసుపైతే ఎడమకి, కాఫీ, టీ, కోలా, "నల్ల సిరా", "తారు", ఇలా ఏ నర్సు ఏ ఉపమానం వాడినా కుడికి. షీటుకి పది సెకన్లు. భార్య మంగళవారం సాయంత్రం దాకా ఉంది. బుధవారం పొద్దున్నే క్యారేజీ రెండు గిన్నెలు ఎక్కువ పెట్టుకుని మళ్లీ దిగింది.

"నర్సుల్లో కవులున్నారోయ్. ఇదిగో, 'వర్షం వచ్చే ముందు మబ్బు' అని రాసింది."

"చదవకండి, వేరుచేయండి" అంది ఆవిడ బడి గొంతుతో.

బుధవారం సాయంత్రానికి కుడిపక్క నూట నలభై రెండు షీట్లు పోగయ్యాయి. పెద్ద నర్సు డ్యూటీ దిగి వచ్చి, పాము కాట్లు, ప్రమాదాలు, మందులు పడని కేసులు ఏరేసింది. గులాబీ కాగితం చేరేలోపే పోయినవాళ్లని ఆవిడ తన క్యాజువాల్టీ పుస్తకంలోంచి తెచ్చి కలిపింది. మిగిలినవి డెబ్బై ఏడు. మొదటి ఏడాది ఆరు. తర్వాత తొమ్మిది, పద్నాలుగు, ఇరవై ఒకటి. పోయినేడాది ఇరవై ఏడు.

"ఏడాదికి ఒకటో రెండో అన్నారు" అంది పెద్ద నర్సు. గొంతులో కోపం కూడా అలిసిపోయింది.

డెబ్బై ఏడులో అందరూ కోపంలో మింగినవాళ్లు కాదు. దగ్గు మందు సీసా పక్కనే పెట్టి పొరపాటు పడిన ముసలాయన ఉన్నాడు. గిన్నెలో మిగిలింది నాకిన రెండేళ్ల పాప ఉంది. బాబాయి ఆ షీటు పక్కన పెట్టలేకపోయాడు. తన మనవరాలికీ రెండేళ్లే. రంగు కలిపే గిన్నె వాళ్లింట్లో స్నానాల గది గట్టు మీద, చేయి చాస్తే అందే చోట ఉంటుంది.

భార్య ఆయన చేతిలోంచి షీటు తీసుకుంది. "ఇవాళ ఇంటికెళ్లగానే ఆ సీసా, గిన్నె పై అరలో పెట్టి తాళం వేస్తాను. పాప బతికింది, చూడండి. వెళ్లింది ఇంటికే."

గురువారం బాబాయి బతికినవాళ్లని బల్లకి కుడివైపు, పోయినవాళ్లని ఎడమవైపు పేర్చాడు. కుడిన నలభై ఎనిమిది, ఎడమన ఇరవై తొమ్మిది. గొంతు మరీ వాచి మెడ కోయాల్సొచ్చిన నలభై మందిని విడిగా తీశాడు. వాళ్లలో కొందరికి వచ్చిన పది నిమిషాల్లో కోశారు. కొందరికి యాభై నిమిషాలు, గంట. ఎందుకిలా? డాక్టర్లు వాళ్లే, కత్తులు అవే.

భార్య తేదీలు తెల్లకాగితం మీదికి ఎక్కిస్తూ ఆగింది. "ఈ తేదీ నాకు గుర్తుంది. మా చెల్లెలు మెట్ల మీంచి జారి కాలు విరగ్గొట్టుకున్న రోజు. బుధవారం."

"మీ చెల్లెలి కాలికీ దీనికీ ఏం సంబంధమే?"

"కాలికి లేదు. కాలానికి ఉంది. ఇంకోటి చదవండి."

ఆయన చదివాడు. ఆవిడ పాత క్యాలెండరు తిరగేసింది. బుధవారం. ఇంకోటి. బుధవారం. ఇంకోటి. సోమవారం అవుతుందేమోనని ఆశపడ్డాడు. బుధవారం. పది నిమిషాల్లో మెడ కోసిన పదముగ్గురూ బుధవారం పొద్దునే వచ్చారు. ఆ పదముగ్గురిలో పన్నెండు మంది ఇంటికెళ్లారు. మిగిలిన ఇరవై ఏడుగురిని మిగతా రోజుల్లో లిఫ్టెక్కించారు. తొమ్మిది మందే మిగిలారు.

ఎందుకో బాబాయికి చెప్పక్కర్లేదు. బుధవారం పొద్దున గొంతు విభాగం ఓ.పి. కింద, క్యాజువాల్టీకి ఎదురుగా ఉంటుంది. గొంతు డాక్టరు తన సామాను పెట్టెతో సహా అక్కడే కూర్చుంటాడు. "బుధవారం నాడు బుధులు కింద ఉంటారు" అని ఆయన నోటికి వచ్చింది. పైకి అనలేదు. ఆ నోటికి అది కొత్త అలవాటు.

శుక్రవారం పొద్దున దర్జీని పిలిచాడు. ఆమె షీటు నకలు తీయించి, ప్రతి పేజీకీ తనే స్టాంపు వేసి చేతిలో పెట్టాడు.

"రెండుసార్లు తిప్పి పంపాను. తప్పు నాదమ్మా. కాగితం ఇక్కడే ఉంది. నేనే దానికి వేరే పేరు పెట్టాను."

ఆమె షీటు తిరగేసి, తన పేరు చూసుకుని, వేలితో తడిమింది. "ఆ పూట ఎవరైనా తలుపు కొట్టుంటే చాలు సార్, నేను ఆ పని చేసేదాన్నే కాదు. పది నిమిషాల కోపం. నాలుగేళ్లయింది, ఇప్పుడు తలుచుకుంటే ఆ కోపం ఎందుకో కూడా సరిగ్గా చెప్పలేను." బాబాయి చెప్పిన బుధవారాల లెక్క విని అంది, "బుధవారమా కాదా అని చూసుకుని చేసింది కాదు సార్."

"తెలుసమ్మా. అదే రేపు చెప్పబోతున్నాను."

సాయంత్రం పెద్ద నర్సు లెక్కంతా చూసి, రెండుసార్లు మడిచి, మళ్లీ విప్పింది. "గది మనదే బాబాయ్. కానీ ఒకటి అడుగుతారు. ఐదేళ్లూ ఈ అంకెలు ఎక్కడికి పోయాయని. పాత కంప్యూటర్ పాడైందని చెప్పేద్దాం. మీకింకా రెండేళ్ల సర్వీసుంది. పైగా ఆ కాగితం మీద సంతకం ఎవరిదో తెలుసుగా?" గడ్డంతో గోడవైపు చూపించింది. ప్రశంసాపత్రం మీద సంతకం సూపరింటెండెంటుదే. అప్పట్లో ఆయన డిప్యూటీ.

"కంప్యూటర్‌కి నోరు లేదని దాని మీద వేస్తామా?" అన్నాడు బాబాయి. "అది నేను చెప్పినట్టే చేసింది. అబద్ధం చెప్పి గది తెచ్చుకుంటే, వచ్చే ఏడాది లెక్క మళ్లీ ఇతరములలోకే పోతుంది. అప్పుడు గది ఎందుకని మళ్లీ అడుగుతారు."

భార్య క్యారేజీ సర్దుతూ తలెత్తలేదు. "రేపటికి ఆ చొక్కా ఇస్త్రీ చేసి పెడతాను" అంది. ఆవిడ మెచ్చుకోవడం ఎప్పుడూ అంతే.

శనివారం పదకొండు గంటలకి మీటింగు. పొడుగు బల్ల చుట్టూ తొమ్మిది మంది, అందులో ఏడు తలలు నిగనిగలాడుతూ ఉన్నాయి. అన్నిట్లోకీ నల్లనిది సూపరింటెండెంటుది. బాబాయిది మాత్రం రంగు పడి రెండు వారాలు కావస్తుండగా పట్టు తప్పింది. మీసం కొసల్లో నలుపు, మొదట్లో తెలుపు. నిజం వేళ్ల దగ్గర నుంచి పైకి వస్తోంది.

ఆయన చంకలో ప్రశంసాపత్రం అద్దంతో సహా ఉంది.

"అదేంటయ్యా, గోడ ఊడదీసుకొచ్చావ్?" అన్నాడు సూపరింటెండెంటు.

"గోడ ఉందండి. దాని మీదున్నదే తెచ్చాను." బాబాయి దాన్ని బల్ల మీద బోర్లా పెట్టాడు. పైన డెబ్బై ఏడు షీట్ల కట్ట పెట్టాడు. అంకెలు చెప్పాడు. ఆరు నుంచి ఇరవై ఏడు దాకా. ఇరవై తొమ్మిది మంది పోయారని. గొంతు సర్దుకుని, బుధవారాల సంగతి చెప్పాడు. చెప్పినంతసేపూ ఒక్క చమత్కారమూ రాలేదు. పెద్ద నర్సు రెండుసార్లు ఆయన ఒంట్లో బాగానే ఉందా అని చూసింది.

సూపరింటెండెంటు అనుకున్న ప్రశ్నే అడిగాడు. "ఐదేళ్లుగా మా నివేదికల్లో ఇవి ఎందుకు రాలేదు?"

"నేను దాచానండి."

బల్ల చుట్టూ ఓ కుర్చీ కిర్రుమంది.

"కావాలని కాదు. చక్కగా ఉండాలని. వచ్చిన కారణం వదిలేసి, వెళ్లిన విభాగం రాయమన్నాను. పోయినవాళ్లు రెండు చోట్లకి చెదిరిపోయారు. బతికినవాళ్లు ఇతరములలో పడ్డారు. మూడు చోట్లా కొద్దికొద్దిగా ఉంటే ఎవరికి కనపడతారు? ఈవిడ క్యాజువాల్టీలో గొంతు చించుకుని అరుస్తున్నా, నా గదిలో సున్నా చూపించింది. ఆ సున్నా నేను చేసిందే."

"అంటే, ఆ కాగితం మీద సంతకం పెట్టిన నేను వెర్రివాణ్ణా?" సూపరింటెండెంటు ముఖం జుట్టుకంటే నల్లబడింది.

"కాదండి. చూడ్డానికి బాగుందని పెట్టారు. నేనూ పదకొండేళ్లు దాన్ని చూసుకుని మురిసిపోయాను. ఇప్పుడు వెనక్కిచ్చేస్తున్నాను. నా మీద ఏ చర్య తీసుకున్నా సరే, గది మాత్రం ఇవ్వండి."

గొంతు డాక్టరు అప్పటిదాకా నోరు విప్పలేదు. మితభాషి. ఆయన షీట్ల కట్ట తన ముందుకి లాక్కున్నాడు. పైనున్న నాలుగైదు తేదీలు చూశాడు. "ఈ బుధవారాలు నాకు తెలియవు సార్. నా చేతి మీద అంతా మామూలుగానే ఉందనుకుంటున్నాను ఇన్నాళ్లూ." కట్ట వెనక్కి తోశాడు. "దీనికి విరుగుడు మందు లేదు. ముందు ఊపిరి నిలబెట్టాలి, సెలైన్లు ఎక్కించాలి, కిడ్నీలు కాచుకోవాలి. టైముకి చేస్తే ఎక్కువమంది ఇంటికెళ్తారు. నా దగ్గర నలుగురు జూనియర్లున్నారు. వంతులు వేస్తాను. కూర్చోడానికి చోటు చూపించండి."

"విచారణ కౌంటరు..." అని మొదలెట్టాడు సూపరింటెండెంటు.

"అయ్యా," అన్నాడు బాబాయి, "బుధవారం ఇక్కడ బాగానే జరుగుతోందండి. మేం కొత్తదేం అడగట్లేదు. మిగతా ఆరు రోజులూ కూడా బుధవారం కావాలి."

 సూపరింటెండెంటు కట్టలో అన్నిటికంటే పైనున్న షీటు, లిఫ్టులో పోయిన అమ్మాయిది, తీసి చూశాడు. ఒకే ఒక్క పేజీ. గులాబీ కాగితం ఖాళీగా ఉంది. దాన్ని తిన్నగా సర్ది, మళ్లీ కట్ట మీదే పెట్టాడు.

"మూడు నెలలు" అన్నాడు. "అంకె మారకపోతే కౌంటరే."

"మారుతుంది" అంది పెద్ద నర్సు, ఎవరూ అడగకుండానే.

ప్రశంసాపత్రం సంగతి ఎవరూ ఎత్తలేదు. బాబాయి దాన్ని తిరిగి తీసుకెళ్లలేదు కూడా. అది ఆ మీటింగు గదిలో కొన్నాళ్లు బోర్లా పడి ఉండి, తర్వాత ఏదో బీరువా కిందికి పోయింది. ఆయన మీద ఓ మెమో వచ్చింది. ఆయన దాన్ని జాగ్రత్తగా ఫైలు చేశాడు. ఏ శీర్షిక కిందో కాసేపు ఆలోచించి, "రికార్డు గది" అని రాశాడు. ఉన్నదున్నట్టు.

విరిగిన స్ట్రెచర్లు వెళ్లిపోయాయి. మంచం వచ్చింది. గోడకి తగిలించిన పెట్టెలో మెడ కోసే సామాను వచ్చింది. తలుపు లేని గుమ్మానికి దర్జీ ఆకుపచ్చ గుడ్డతో కర్టెను కుట్టి తెచ్చింది, బొత్తాలతో సహా. తన మెడపట్టీ గుడ్డే. "మిగిలిన ముక్క సార్" అంది గాని, అంత పెద్ద ముక్క ఏ పట్టీలోనూ మిగలదు.

రికార్డు గదిలో ఇరవై ఒకటో శీర్షిక పుట్టింది. దానికి బాబాయి పేరేం పెట్టాడో చెబితే నిరాశ పడతారు. "జుట్టు రంగు". అంతే. ఆ పేజీలో ఆయన కొత్త గళ్లు గీశాడు: ఏ వారం వచ్చారు, ఎన్ని నిమిషాల్లో ఊపిరి దారి దొరికింది, ఎలా వెళ్లారు. ఏడో నియమం కొట్టేశాడు. ఆదివారం భార్య గిన్నె దించబోతే, "ఇంకొన్నాళ్లు ఆగు. మీసం తెల్లజెండా ఎత్తింది, దాని మాట కూడా విందాం" అన్నాడు. ఆవిడ తాళం తీయలేదు.

పన్నెండు రోజుల తర్వాత ఓ బస్సు కండక్టరు వచ్చాడు. నలభై ఏళ్ల మనిషి. తమ్ముడితో గొడవ. పొద్దున పదకొండింటికి భార్య, ఆ తమ్ముడే ఇద్దరూ కలిసి మోసుకొచ్చారు. ఆకుపచ్చ కర్టెను పక్కకి తొలగడం బాబాయి కిటికీలోంచి చూశాడు. పెద్ద నర్సు గొంతు ఆవరణంతా వినపడింది. తర్వాత ఏమీ వినపడలేదు. బాబాయి గోడగడియారం చూస్తూ నిలబడ్డాడు. చేతిలో పెన్ను మూత తీసే ఉంది. ఎనిమిది నిమిషాలకి పెద్ద నర్సు కర్టెను తొలగించి, బయటికొచ్చి, నుదురు మోచేత్తో తుడుచుకుని, రికార్డు గది కిటికీ వైపు చూసి చెయ్యెత్తింది.

తర్వాత మూడు వారాలు కండక్టరు కిడ్నీ వార్డులో ఉన్నాడు. నాలుగుసార్లు డయాలిసిస్ చేశారు. గులాబీ కాగితం మీద రంగు తారు నుంచి కోలాకి, కోలా నుంచి టీకి, టీ నుంచి పసుపుకి వచ్చింది. బాబాయి రోజూ మధ్యాహ్నం పైకెళ్లి ఆ కాగితం ఒక్కటే చూసి దిగేవాడు. వార్డులో ఆయన్ని రోగి బంధువనుకున్నారు.

ఇంటికెళ్లే రోజు తమ్ముడు సంచులు మోస్తుంటే కండక్టరు మెడకి కట్టుతో రికార్డు గది ముందు నుంచి పోతూ, పై వార్డు వాళ్లు ఇమ్మన్న కేసు షీటు కిటికీలో పెట్టాడు.

"ఏంటి సార్, ఇది ఇక్కడేనా ఇవ్వాలి?" గొంతు ఇంకా గాలిలా ఉంది.

"ఇక్కడేనయ్యా. ఇక్కడ పోదు."

ఆయన పెన్ను మూత తీసి ఇరవై ఒకటో శీర్షిక పేజీ తెరిచాడు. వారం అన్న గడిలో "గురువారం" అని రాశాడు. నిమిషాల గడిలో "8". ఆఖరి గడి నింపే ముందు తలెత్తి కిటికీలోంచి చూశాడు. కండక్టరు గేటు దాకా వెళ్లి, ఆయాసం తీర్చుకోవడానికి ఆగి, తమ్ముడి చేతిలోంచి ఓ సంచి తీసుకోబోయాడు. తమ్ముడు ఇవ్వలేదు. ఇద్దరూ దాన్ని చెరో పక్కా పట్టుకుని గేటు దాటారు.

బాబాయి వంగి రాశాడు: "నడిచి".